వీరాయమ్మ అల్లిన అంట్ల గుడ్డ

అనగనగా, రాజుగారి కోటకు ఆమడ దూరంలో ఒక అన్నసత్రం. పూటకు రెండు వందల మంది తినేవారు. ఆ అంట్లన్నీ తోమేది నూకాలు ఒక్కతే.

సత్రం పక్కిల్లే వీరాయమ్మది. కొక్కెం సూదితో నూలు అల్లడంలో ఆమెను మించినవారు లేరు. రాణివాసం తెరలకు అంచులు ఆమే అల్లేది. అంత పేరున్నా గర్వం లేదు. మొండితనం మాత్రం బోలెడు.

ఒకనాడు నూకాలు అరుగు మీద కూర్చుని కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏమ్మా, ఎవరేమన్నారు?" అంది వీరాయమ్మ.

"ఎవరూ ఏమనలేదు మామ్మా. బూడిదతో, కొబ్బరి పీచుతో తోమీ తోమీ చేతులు పగిలిపోయాయి. ఎత్తుకుంటే నా చంటిది ఉలిక్కిపడి ఏడుస్తోంది. అమ్మ చెయ్యే దానికి గుచ్చుకుంటోంది."

వీరాయమ్మ గుండె తరుక్కుపోయింది. రాణిగారి తెర పక్కన పడేసి, లావుపాటి నూలు తీసింది. అరచేతికి మెత్తగా, అడుగంటిన గిన్నెకు గట్టిగా తగిలేలా ముడి మీద ముడి వేసింది. ఇట్టే ఆరిపోయేలా కన్నాలు వదిలింది. జానెడు గుడ్డ తయారైంది. చెయ్యి ఊరుకోక, చుట్టూ మల్లెపూల అంచు కూడా వేసింది. అక్కడే వచ్చింది తంటా.

అంట్లు తోముకోమని దాన్ని నూకాలుకిచ్చింది. మర్నాడు చూస్తే నూకాలు చేతిలో మళ్లీ పీచే. గుడ్డేమో దేవుడి పటం కింద పరిచి ఉంది.

"ఇంత అందమైనదాన్ని ఎంగిలి కంచాలకు తాకిస్తానా మామ్మా? కళ్లు పోవూ!"

వీరాయమ్మ రెండోది అల్లింది. ఈసారి పూలు లేవు, అంచు లేదు. అది చంటిదాని తల కిందకు చేరింది.

"ఎంత మెత్తగా ఉందో! దీనికి మసి పూయమంటావా మామ్మా?"

నవ్వకండి పిల్లలూ. చుట్టాలొస్తే తీద్దామని మీ అలమరలో దాచిన గాజు గ్లాసుల సంగతి నాకూ తెలుసు.

ఇక్కడ నూకాలు చేతి పగుళ్లలోంచి నెత్తురు రాసాగింది. పాపం, పిల్లను ఎత్తుకోవడమే మానేసి, దూరం నుంచి చూసుకుని కుమిలిపోయేది.

వీరాయమ్మ మూడోది అల్లింది. ఈమాటు ఊరికే ఇవ్వలేదు. ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని కడుపారా తిని, ఆ కంచాన్ని కొత్త గుడ్డతో కసకసా తోమింది. జిడ్డూ పసుపు మరకలూ అలాగే ఉండగా తెచ్చి నూకాలు చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఎంగిలి చేశాను. ఇక దేవుడికీ పనికిరాదు, పిల్లకీ పనికిరాదు. ఏం చేసుకుంటావో చేసుకో!"

నూకాలు తెల్లబోయింది. "అయ్యో! ఇంత కష్టపడి అల్లి, ఎంత పని చేశావు మామ్మా!"

"పిచ్చిదానా, నేను కష్టపడింది నీ చేతుల కోసమే. అవి నెత్తురోడుతుంటే నా అల్లిక పటం కింద వెలిగిపోతే నాకేం సంతోషం?"

నూకాలుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గుడ్డను కుంకుడు నురుగులో ముంచి, మొదటి కంచం అందుకుంది.

నెల తిరిగేసరికి పగుళ్లు మానాయి. గుడ్డ మాత్రం వెలిసి, సాగి, అంచులు చివికి పాతబడిపోయింది. దాన్ని చూసి వీరాయమ్మ మురిసినంతగా, రాణిగారు తెర మెచ్చుకున్ననాడు కూడా మురవలేదు. ఆ సాయంత్రం చంటిది తనంతట తానే తల్లి అరచెయ్యి లాక్కుని, చెంప కింద పెట్టుకుని నిద్రపోయింది.

కనుక పిల్లలూ, ప్రేమతో మన కోసం చేసిచ్చిన వస్తువును అరిగిపోయేదాకా వాడుకోవడమే ఆ చేసిన చేతులకు మనమిచ్చే మర్యాద.