పెద్దరేవు దాచిన గట్టు

మోదుగుపాడు అనే అడవిలో చుక్కల దుప్పులు, కుందేళ్లు, ఉడుములు కలిసిమెలిసి బతికేవి. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండిపోయింది. కుందేళ్లూ ఉడుములూ బొరియల్లో దూరి ఎలాగో సర్దుకున్నాయి. దుప్పులకు బొరియలెక్కడివి? పైగా రోజూ బోలెడు నీళ్లు తాగే ప్రాణులాయె. ఇక అడవి మారక తప్పదని తేలిపోయింది.

కొండ దిగి తూర్పుకు వెళితే ఒక పెద్ద ఏరు, ఆ ఏటి పొడుగునా మద్దిమాకుల అడవి. ఆ అడవికంతటికీ ముఖ్యమైన ఊరు పెద్దరేవు. నెమళ్లు, కొండముచ్చులు, అడవిపందులు, వేనవేల పిట్టలు ఒక్కచోట చేరిన పట్టణమది. దాని గొప్ప గురించి గాలి కూడా కబుర్లు చెప్పేది!

"ముందు ఎవరైనా వెళ్లి ఆ పెద్దరేవు చూసి రండి. పెద్ద ఊరు ఎలాంటిదో తెలిస్తే ఆ అడవి గుణం తెలిసిపోతుంది" అన్నాడు మందకు పెద్దయిన కొమ్మయ్య తాత. ఆయనకు ఒక కాలు కుంటి.

"పెద్ద ఊళ్లో అన్నీ పైపై మెరుగులే ఉంటాయి తాతా. అది చూసి ఏం తెలుస్తుంది?" అంది ఒక దుప్పి.

"నేను వెళతాను. తెలిసేదాకా చూస్తాను" అంది జేగురు.

జేగురు ఆ మందలో ఒక తల్లి దుప్పి. దాని కూన పేరు చివురు. వాడు అప్పుడప్పుడే పాలు మాని గడ్డి కొరుకుతున్నాడు. నీళ్లు లేక డొక్కలు ఎండిపోయి, కాళ్లు వణుకుతూ ఉన్నాడు. కొండ దిగడానికి వాడికి ఒక్కసారికే సత్తువ ఉంది. తప్పుడు చోటికి తీసుకెళితే మళ్లీ ఇంకో చోటికి నడవలేడు. అందుకే జేగురు ఆ మాట అంది. ఒకసారి పట్టు పడితే అది విడిచే రకం కాదు.

పెద్దరేవులో దానికి ఘనంగా స్వాగతం పలికారు. ఊరి పెద్ద నెమలి పింఛారాయుడు స్వయంగా ఎదురొచ్చాడు.

"రావమ్మా జేగురమ్మా! మీ మంద మా ఊరొస్తే అంతకంటే ఏం కావాలి? గట్టు మీద చుక్కల దుప్పులు వరసగా నిలబడితే ఆ అందమే వేరు!" అన్నాడు.

పై గట్టున నీళ్లు అద్దంలా ఉన్నాయి. దారులు ఊడ్చి శుభ్రంగా ఉన్నాయి. పళ్లు కుప్పలు పోసి ఉన్నాయి. వడ్రంగి పిట్టలు మానులను టకటకా వాయిస్తుంటే రాయుడు పురి విప్పి ఆడాడు. జేగురు కళ్లు జిగేల్మన్నాయి. చివురు ఈ నీళ్లలో మూతి పెట్టి తాగుతుంటే ఎంత బావుంటుందో అనుకుని మురిసిపోయింది.

కడుపునిండా తాగాక దానికి ఒక సంగతి తట్టింది. ఇంత ఊళ్లో ఒక్క ముసలి ప్రాణి కనబడలేదు. ఒక్క కుంటిది లేదు.

"రాయుడుగారూ, మీ ముసలివాళ్లెక్కడ?" అని అడిగింది.

"మా ఊళ్లో అలాంటివాళ్లు ఉండరమ్మా" అన్నాడు రాయుడు మెడ తిప్పుకుని.

ముసలితనం రాని ఊరు ఎక్కడైనా ఉంటుందా? మీరే చెప్పండి! జేగురుకు వెంటనే కొమ్మయ్య తాత గుర్తొచ్చాడు. వణికే కాళ్ల చివురు గుర్తొచ్చాడు. నవ్వుతూనే లేచి, ఏటి దిగువకు నడక మొదలుపెట్టింది.

రెండు కొండముచ్చులు దారికి అడ్డం వచ్చాయి. "అటు వద్దమ్మా, అంతా బురద" అన్నాయి.

"బురద నాకేం కొత్తా? తప్పుకోండి" అంది జేగురు. అవి తల గోక్కుంటూ నిలబడిపోయాయి.

కాస్త దూరం పోయేసరికి రేగుముళ్లతో వేసిన కంచె అడ్డొచ్చింది. జేగురు ఒళ్లంతా గీసుకుపోతున్నా వెనక్కి తగ్గలేదు. గిట్టలతో తన్ని తన్ని సందు చేసుకుని అవతలికి దూరింది.

అయ్యో, ఆ అవతల ఏముందనుకున్నారు? ఊళ్లో కనబడని వాళ్లంతా అక్కడే ఉన్నారు! కళ్లు లేని ఒక ముసలి పంది. కాలు విరిగిన నక్క. వయసు మళ్లిన ముళ్లపంది. ఇసకలో గుడ్లు పొదుగుతున్న తీతువు పిట్ట. పై గట్టువాళ్లు తాగి, తొక్కి వదిలిన మురికి నీళ్లే వాళ్లకు దిక్కు.

గుడ్డి పంది అడుగుల చప్పుడు విని పక్కకు జరిగింది. "ఎవరో దూరం నుంచి వచ్చినట్టున్నారు. ముందు నువ్వు తాగు తల్లీ" అంది. జేగురుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీరంతా ఇక్కడెందుకున్నారు?" అని తీతువును అడిగింది.

"అతిథులొస్తే మేం కనబడకూడదట అక్కా. వాళ్లు వెళ్లిపోయాక కూడా కంచె తీయడం మానేశారు. ఇక నా సంగతంటావా, నా గొంతు అపశకునమట. నేను అరిస్తే కీడు జరుగుతుందట."

"నువ్వెప్పుడు అరుస్తావు?"

"కీడు వస్తుంటే అరుస్తాను. నేల మీద గూడు కదా, అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. వాళ్లకేమో నేను అరవబట్టే వచ్చినట్టు అనిపిస్తుంది. ఈసారి నోరెత్తితే నా గుడ్లు ఏట్లో దొర్లిస్తానన్నాడు రాయుడు."

అబ్బో, రాయుడిది పెద్ద తియ్యని గొంతు మరి! ఆయన కూసినప్పుడు ఊరంతా చెవులు మూసుకునేది. ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికుంది?

అంతలో తీతువు ఒళ్లు బిగుసుకుంది. "అక్కా, రేచుకుక్కలు! ఏటి వెంబడే వస్తున్నాయి, పెద్ద గుంపు" అని గుసగుసలాడింది.

రేచుకుక్కలంటే తెలుసుగా? గుంపుగా వేటాడే ఎర్రటి అడవికుక్కలు. జేగురు పరుగు తీస్తే కుక్కలు అందుకోవడం కష్టం. క్షేమంగా చివురు దగ్గరికి చేరుకోవచ్చు. కానీ ఈ గుడ్డి పంది ఎటు పరిగెడుతుంది? ముందు కుక్కలు, వెనక ముళ్లకంచె.

"గట్టిగా అరువు చెల్లీ! రాయుడికి నేను జవాబు చెప్తాను" అంది జేగురు.

తీతువు గాల్లోకి లేచి గొంతు చించుకుని అరిచింది. జేగురు కూడా గిట్ట నేలకేసి కొడుతూ అరిచింది. పై గట్టున రాయుడు మండిపడ్డాడు. "మళ్లీ ఆ పాడుగొంతేనా! వాయించండర్రా, ఇంకా గట్టిగా వాయించండి! అది నాకు వినబడకూడదు!" అన్నాడు. వడ్రంగి పిట్టలు చెలరేగిపోయాయి. రాయుడు కళ్లు మూసుకుని ఆటలో మునిగిపోయాడు.

ఇక్కడ జేగురు కంచె సందును తన్ని పెద్దది చేసింది. గుడ్డి పందినీ, కుంటి నక్కనూ తోసుకుంటూ ఇవతలికి తెచ్చింది. ముళ్లపంది వెనక్కి తిరిగి, ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడిచి ఆ సందులో నిలబడింది. తీతువు రెక్క విరిగినట్టు నటిస్తూ, ఇసకలో కుంటుకుంటూ కుక్కలను తన గుడ్లకు దూరంగా లాక్కుపోయింది. కుక్కలు నోటికందేంత దగ్గరికి వచ్చాక తుర్రుమంది. ముళ్ల జోలికి పోలేక కుక్కలు చుట్టు తిరిగి పై గట్టుకు పడ్డాయి.

రాయుడు కళ్లు తెరిచేసరికి ఆయన తోక కుక్కల నోట్లో ఉంది! పింఛమంతా వాటికే వదిలేసి, బోడి వెనకతో చెట్టెక్కి కూర్చున్నాడు పాపం. అడవిపందులు మాత్రం తీతువు అరుపు చెవిన వేసుకుని అప్పటికే గుంపు కట్టాయి. కోరలు ముందుకు పెట్టి కలబడి, కుక్కలను ఏరు దాటించేదాకా తరిమాయి.

గండం గడిచాక ఊరంతా పై గట్టున చేరింది.

"ఆ పిట్ట అరవబట్టే ఇదంతా!" అన్నాడు రాయుడు కొమ్మ మీంచి.

జేగురు ఆ కొమ్మ కిందికి వచ్చి నిలబడింది. "అది అరవబట్టే మీరింకా బతికున్నారు. నేను చూడాల్సింది చూశాను, వెళతాను. మా మంద ఇక్కడికి రాదు. మా తాత కుంటివాడు. నా కూన బక్కవాడు. రేపు ఇంకో అతిథి వస్తే వాళ్లను కూడా కంచె అవతలికి తోస్తారుగా?" అంది.

ఒక ఆడ పంది గుంపులోంచి ముందుకొచ్చింది. "ఆ కళ్లు లేనిది మా అత్త. కంచె వేస్తుంటే నేనూ చూస్తూ ఊరుకున్నాను. నాదే తప్పు" అని వెళ్లి కంచెను నోటితో పట్టి లాగింది. ఒక్కొక్కటిగా మిగతా పందులూ చేరాయి.

"ఊరి పరువు తీస్తున్నారు!" అని గోలపెట్టాడు రాయుడు.

"అది ఇందాకే కుక్కల నోట్లో పోయింది రాయుడూ, నువ్వు చూసుకోలేదు" అంది ఆ ఆడ పంది.

కంచె పోయింది. గుడ్డి పందిని పై గట్టుకు నడిపించుకొచ్చారు. అది తేట నీళ్లు తాగినంతసేపూ ఊరు ఊరంతా పక్కకు జరిగి నిలబడింది. జేగురు అది కూడా కళ్లారా చూసి, అప్పుడు కొండదారి పట్టింది.

మోదుగుపాడులో కొమ్మయ్య తాత ఆత్రంగా అడిగాడు. "చూశావా అమ్మాయీ? ఎలాంటి ఊరు?"

"చెడ్డ ఊరే తాతా. నిన్న మధ్యాహ్నం నుంచి బాగుపడటం మొదలుపెట్టింది. మనం వెళదాం. ఏటి కింది గట్టునే ఉందాం. మళ్లీ ఎవడైనా కంచె వేయడానికొస్తే ముందు నన్ను దాటాలి" అంది జేగురు.

చివురును మధ్యలో పెట్టుకుని మంద కొండ దిగింది.

నీతి: పెద్ద పట్టణం ఆ సమాజానికి అద్దమే, అయితే అది అతిథికి చూపించే గట్టును చూసి మురిసిపోకుండా, దాచిపెట్టిన గట్టును వెతికి చూడాలి.