రాజుగారు నింపమన్న ఖాళీ

ఒకానొక కాలంలో అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. కంప్యూటర్లు వచ్చాక కూడా రాజు మిగిలిపోయిన రాజ్యం మణిగిరి. ఆ రాజు పేరు ప్రతాపశేఖరుడు. అక్కడ ఆయన సింహాసనం మీద కూర్చుని చెప్పిందే ఆజ్ఞ. నిలబడి ఏం చెప్పినా వట్టి మాట కిందే జమ. ఆయన విగ్రహాన్ని కదపాలన్నా ఆజ్ఞ ఉండాల్సిందే.

కోట వెనకాల ఏసీ గదిలో సర్వర్లుండేవి. ఎవరి పొలం ఎక్కడుంది, ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టింది, అన్నీ వాటిలోనే. చూసుకునేవాడు గవరయ్య. దస్తరాలన్నీ ఒక డిస్కులో పెట్టాడు. ఏ రోజు మార్పులు ఆ రోజు రాసుకునే చిట్టాకి వేరే డిస్కు ఇచ్చాడు. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుందని. రెండింటి నకళ్లూ ఊరవతల కొండమీద దాచాడు. చిట్టా డిస్కులో సగం ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు.

ఆ చలిగదిలోకి ఎవరూ తొంగిచూసేవారు కాదు. భార్య పోయాక గవరయ్య సెలవు రోజుల్లో కూడా వచ్చి అక్కడే కూర్చునేవాడు. ఇంట్లో అయితే ఫ్యాన్ల చప్పుడు కూడా ఉండదు. పాపం, మనిషికి అంత ఒంటరితనం రాకూడదు.

ఒకరోజు నిండు సభలో రాజుగారు సింహాసనం మీద కూర్చుని సర్వర్ల నివేదిక తిరగేసి, సగం డిస్కు ఖాళీ అన్న ముక్క దగ్గర ఆగి, గవరయ్యని ముందుకు పిలిచారు.

"నా రాజ్యంలో ఖాళీయా? ఎక్కడా ఖాళీ అన్నది కనపడకూడదు. నా వైభవంతో నింపెయ్. ఆ డిస్కులో నా పట్టాభిషేకం వీడియోలు ఎక్కించు. సోమవారానికి కాకపోతే నీ ఉద్యోగం ఉండదు."

చిట్టాకి చోటు లేకపోతే సర్వరు మొత్తం ఆగిపోతుందనీ, సోమవారం పొలాలు రాయించుకోవడానికి వచ్చే రైతులు గేటు దగ్గరే నిలబడిపోతారనీ గవరయ్య విన్నవించాడు. సభలో వాళ్లు ఆవలించారు. అంత అవసరమైతే అప్పుడే రెండు వీడియోలు తీసేద్దువులే పొమ్మన్నారు రాజుగారు.

"చిత్తం ప్రభూ," అన్నాడు గవరయ్య.

మూడు రోజులు సెలవులు వచ్చాయి. కోటలో అందరూ ఇళ్లకి వెళ్లారు. గవరయ్య ఒక్కడే ఉండిపోయి, చక్రాల బండి మీద ఏవేవో లాగుతూ గడిపాడు. ఏం చేస్తున్నావని అడిగే దిక్కు కూడా లేదు.

సోమవారం ఉదయం రాజుగారు సభ తలుపు దగ్గరే ఆగిపోయారు. లోపల అడుగు పెట్టే చోటు లేదు. గోదాములోని ఆయన విగ్రహాలు, కత్తి దూసినవీ, గుర్రమెక్కినవీ, మీసం దువ్వేవీ, గుమ్మం నుంచి సింహాసనం దాకా కిక్కిరిసి ఉన్నాయి.

"ఎవడి పనిది?"

"తమ ఆజ్ఞే ప్రభూ. ఎక్కడా ఖాళీ కనపడకూడదన్నారు కదా," అన్నాడు గవరయ్య.

రెండు విగ్రహాలు బయట పెట్టమని రాజుగారు గద్దించారు. భటులు తల వంచుకున్నారు. ఆజ్ఞ సింహాసనం మీంచి రావాలి. సింహాసనం దాకా వెళ్లడానికి దారి లేదు.

"డిస్కు సంగతీ ఇంతే ప్రభూ," అన్నాడు గవరయ్య. "వీడియో తీసేశాం అన్న ముక్క రాసుకోవడానికి కూడా చిట్టాలో కాస్త చోటుండాలి. అది కూడా నిండిపోతే, తీసే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే నేనింకా ఎక్కించలేదు. నా ఉద్యోగం తమ చేతుల్లో ఉంది. గేటు దగ్గర రైతుల పని మాత్రం సాగుతోంది."

రాజుగారు మీసం దువ్వే తన బొమ్మని ఎగాదిగా చూశారు. పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ఆజ్ఞా గీజ్ఞా పక్కనపెట్టి, దాని కాళ్లు తాను పట్టుకుని, తల గవరయ్యని పట్టమన్నారు. ఇద్దరూ రొప్పుతూ దారి చేసుకున్నారు. సింహాసనం ఎక్కీ ఎక్కగానే, గవరయ్య వదిలిన ఖాళీని ఎవరూ ముట్టకూడదని ఆజ్ఞ వేసి, తన చేతి కంకణం తీసి అతనికి తొడిగారు.

"ఇంకేమైనా కావాలా, గవరయ్యా?"

గవరయ్య కంకణం సర్దుకున్నాడు.

"ఆ డిస్కులు ఎందుకలా అమర్చానో పదేళ్లయినా ఎవరూ అడగలేదు ప్రభూ. ఒక్కసారి వచ్చి వింటారా?"

రాజుగారు శాలువా తెప్పించుకుని ఆ చలిగదిలోకి వెళ్లారు. చెప్పిన దాంట్లో సగం ఆయనకి అర్థం కాలేదు. అయినా భోజనాల వేళ దాటేదాకా లేవలేదు. గవరయ్య గొంతు బొంగురుపోయింది, అయినా చెబుతూనే ఉన్నాడు.