నోరెత్తని దుమ్ము మిషన్

తుని మొత్తంలో తెలివనేది ఎక్కడైనా మిగిలుంటే అది తమ ఇంట్లోనేనని వడ్రంగి గవర్రాజుకి గట్టి నమ్మకం. తమ్ముడు నూకరాజుకి అన్న మీద నమ్మకం. గవర్రాజు పెళ్ళాం చిట్టెమ్మకి ఇద్దరి మీదా నమ్మకం.

"లోకంలో సగం గొడవలు ఎందుకొస్తాయిరా? చెప్పింది ఒకటి, చేసేది ఇంకొకటి. మన ఇంట్లో అలా కాదు. చెప్పిన మాట చెప్పినట్టే!" అనేవాడు గవర్రాజు మీసం దువ్వుకుంటూ.

వాళ్ళు ఉండేది కాత్యాయని మామ్మగారింట్లో అద్దెకి. ముందు వాటాలో ఆవిడ, వెనక వాటాలో వీళ్ళు, వాళ్ళ గదిలోనే రంపం మిషనూ. పీటలూ ఉయ్యాలబల్లలూ చేస్తుంటే ఇల్లంతా రంపంపొట్టు. ఆవిడ ఏమీ అనేది కాదు. కానీ ఈమధ్యే కంటికి ఆపరేషనైంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చింది.

"ఒరే గవర్రాజూ, కంట్లో నలుసు పడితే చూపు పోతుందన్నాడు డాక్టరు. దుమ్ము లాగే మిషన్లు ఉంటాయటగా, ఒకటి కొనండి. అది నోరెత్తకూడదు, నాకు పగటి నిద్ర కావాలి. లేదా గది ఖాళీ చెయ్యండి. నా కళ్ళల్లో దుమ్ము కొట్టాలని చూశారో, ఊరుకోను!"

చిట్టెమ్మ ఘొల్లుమంది. "గది పోతే ఏం తింటాం?"

"గదిని ఎవరు తింటారు వదినా? అన్నమే తింటాం," అని ఓదార్చాడు నూకరాజు.

ఇంకేముంది, అన్నదమ్ములు బజారుకి పరుగెత్తారు. "నోరెత్తని దుమ్ము మిషన్ కావాలండీ."

షాపాయన ఒకటి చూపించాడు. "చిన్న గదికి ఇది సరిపోద్ది. అరవై డెసిబెల్సే!"

"అరవై బెల్లులా! మామ్మగారు ఒక్క బెల్లుకే లేచిపోతారు!"

"బెల్లులు కాదండీ బాబూ. ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నంత చప్పుడు, అంతే."

"మా ఇంట్లో ఇద్దరు మాట్లాడుకుంటే వీధి చివరికి వినపడుద్ది. మాట్లాడుకోని ఇద్దరంత ఇవ్వండి."

షాపాయన తల పట్టుకున్నాడు. ఆఖరికి నూకరాజే మూలనున్న ఒక మిషన్ దగ్గర చెవి పెట్టి, "అన్నా, ఇది కిక్కురుమనట్లేదు!" అన్నాడు.

"దాని మోటారు కాలిపోయింది."

"కాలిపోయినా నోరెత్తలేదంటే ఎంత ఓర్పో చూడండి!"

అది అమ్మనని షాపాయన ఒట్టేసి, మొదటిదే అంటగట్టాడు. వెళ్ళేముందు జాగ్రత్తలూ చెప్పాడు. "గొట్టం నోరు రంపం పక్కనే పెట్టండి. చప్పుడు ఎక్కువనిపిస్తే మిషన్ మీద చెక్కపెట్టె బోర్లించండి, గాలికి మాత్రం దారుండాలి."

ఇంటికొచ్చి మీట నొక్కారు. బుర్రుమంది. ముందు వాటాలోంచి మామ్మగారు కేకేసింది. "దాని నోరు ముయ్యండర్రా!"

అంతే. నూకరాజు గొట్టం నోట్లో గోనెసంచి కుక్కి తాడుతో కట్టేశాడు. చప్పుడు కాస్త తగ్గింది. కానీ దుమ్మంతా గదిలోనే. షాపుకి ఫోన్ కొట్టారు.

"దుమ్ము లాగట్లేదండీ."

"నోరు మూసుకుపోయి ఉంటుంది. బాగా తెరిచి చూడండి."

ఇంకేముంది, ముగ్గురూ మిషన్ చుట్టూ నిలబడి నోళ్ళు బార్లా తెరిచి చూశారు. రంపం తిరుగుతోంది, పొట్టు లేస్తోంది.

"లాగుతోందా?" అన్నాడు నూకరాజు దగ్గుతూ.

"లాగుతోందిరా! తిన్నగా గొంతులోకే!" అన్నాడు గవర్రాజు ఉక్కిరిబిక్కిరవుతూ.

ముగ్గురి దగ్గూ కలిసి మిషన్ చప్పుణ్ణి మించిపోయింది. మామ్మగారు మళ్ళీ కేకేసింది. అప్పుడు చెక్కపెట్టె గుర్తొచ్చింది. చెయ్యి తిరిగిన పనివాళ్ళు కదా, పొద్దు వాలేలోపు చక్కటి పెట్టె చేసి బోర్లించారు.

"గాలికి దారుండాలన్నాడు," అంది చిట్టెమ్మ. "గొట్టంలో గోనె, వెనకాల దుమ్ము సంచి. ఇక గాలికి దారేదీ?"

"మా వదిన తెలివే తెలివి!" అని నూకరాజు గోనె పీకేశాడు, దుమ్ము సంచీ పీకేశాడు. పెట్టెకి ఒక పక్క బెజ్జం చేసి, మిషన్లోంచి గాలి బయటికొచ్చే వైపు దానికి ఆనించి, ఆ బెజ్జాన్ని కిటికీ వైపు తిప్పాడు. ఆ కిటికీ అవతలే మామ్మగారి మంచం.

మీట నొక్కారు. చప్పుడు సగానికి పడిపోయింది. గదిలో దుమ్ము లేదు! ముగ్గురూ చేతులు పట్టుకుని గంతులేశారు. ఇంతలో గుమ్మంలోకి ఒక రంపంపొట్టు బొమ్మ వచ్చి నిలబడింది.

"నా కళ్ళల్లో దుమ్ము కొట్టారు కదర్రా!"

"లేదు మామ్మగారూ," అన్నాడు గవర్రాజు నొచ్చుకుని, "కళ్ళద్దాల మీదే కొట్టాం."

అద్దాలుండబట్టి కళ్ళు బతికాయి. ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఇదే ఆఖరు మాట. మీ మిషన్ చప్పుడు నా చెవిన పడని చోట నేనుండాలి. అప్పుడే మీరు నా ఇంట్లో ఉంటారు!"

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. ఇంత తేలికా? అంతే, మిషన్ ఆడిస్తూ ఉండమని చిట్టెమ్మకి చెప్పి, కుర్చీతో సహా ఆవిణ్ణి భుజాలకెత్తుకున్నారు. వీధి మలుపులో ఆగి, "వినపడుతోందా మామ్మగారూ?" అన్నారు.

"దింపండర్రా వెధవల్లారా!"

"దింపమంది గానీ వినపడట్లేదనలేదురా. నడు."

బజారు దాటారు. సినిమా హాలు దాటారు. అడిగిన ప్రతిచోటా తిట్లే. రైల్వే స్టేషన్లోకి మోసుకెళ్ళేసరికి గూడ్సుబండి దడదడా పోతోంది.

"వినపడుతోందా?" అని అరిచాడు నూకరాజు.

"ఏంటీ? ఏమీ వినపడట్లేదు!" అని అరిచింది మామ్మగారు.

"గెలిచాం!" అని కుర్చీ దింపి అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. అప్పుడే చిట్టెమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఏమైందండీ? వినపడుతోందంటారా?"

"నువ్వెందుకొచ్చావే? మిషన్ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మామ్మగారు ఏమంటారో విందామని, మీరు బయల్దేరగానే ఆపేసి నేనూ మీ వెనకే వచ్చేశాను."

గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో! అయితే లెక్క తప్పిందన్నమాట. పట్టరా తమ్ముడూ!"

అన్నదమ్ములు మళ్ళీ కుర్చీ భుజాలకెత్తుకున్నారు, మామ్మగారిని ఇంటికి తీసుకెళ్ళి, మిషన్ వేసి, మొదట్నుంచీ మోసుకురావడానికి.