చెవిలో మూసుకున్న మైకు

ఎలీషా మాస్టర్‌ని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. చెయ్యి బరువుగా పడుతోంది ఎందుకని అడిగిన పాపానికి ఒక శిష్యుడి చేత వారం రోజులు గోధుమపిండి పిసికించిన మనిషి ఆయన. యాభయ్యేళ్లుగా రాక్ పాటలకి డ్రమ్స్ వాయించి వాయించి, మాటల వల్ల ఏదీ తెమలదని ఎప్పుడో తేల్చుకున్నాడు.

కనుక ఆ ఉదయం మారేడుపల్లిలో స్టూడియో మెట్లెక్కుతున్న ఆయన శిష్యుడు ఫణికి జవాబు మీద పెద్ద ఆశ లేదు. అయినా కడుపులో ఉన్నది ఆగలేదు. తొమ్మిదేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్న తన బ్యాండుని వదిలేస్తున్నానని ఫోన్లో నాలుగు వాక్యాలు రాసిపెట్టుకున్నాడు. పంపడమే తరువాయి.

“సార్, ముందల నిలబడేటోళ్లకు జనం కనిపిస్తరు. మనకేమో వాళ్ల వీపులు కనిపిస్తయి. తొమ్మిదేండ్ల సంది నలుగురి వీపులు చూస్తున్న. ఒక్కడన్న వెనక్కి తిరిగి, ఫణీ, ఎట్లున్నవ్ అని అడగలే. ఇంతమందిల ఉండి కూడ నేను ఒక్కన్నే ఎందుకైన?”

మాస్టర్ పక్కనున్న కుర్చీ చూపించాడు. “కూసో. పాటలు ఏరాలె.”

ఏరవలసినవి ఆయన కొత్త ఆల్బం కోసం. ఎప్పుడో విడిపోయిన ఐదు పేరున్న బ్యాండ్ల నుంచి, తనతో కలిపి ఒక్కొక్క మనిషిని పోగుచేసి, కిందటేడు పదకొండు ఊళ్లు తిరిగి వాయించాడు మాస్టర్. అందరూ అరవై దాటినవాళ్లే. మోకాళ్ల నొప్పుల మందులు గిటార్ పెట్టెల్లో పెట్టుకుని తిరిగారు. ప్రతి ఊళ్లోనూ కచేరీ మొత్తం రికార్డయింది. అందులోంచి పన్నెండు పాటలు తీసి, చప్పట్లతో ఈలలతో సహా, మాస్టర్ పేరు మీద లైవ్ ఆల్బంగా వేస్తారు.

ఆ ఐదుగురిలో బాస్ గిటార్ వాయించిన విల్సన్ సంగతి వేరు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాండులో ఉండి, ఒక కంచంలో తిని ఒక మంచాన పడుకున్నవాళ్లు. విల్సన్ టైఫాయిడ్‌తో లేవలేకుండా ఉన్నప్పుడు, ఎలీషా ఇంకొకణ్ణి పెట్టుకుని బెంగుళూరులో పెద్ద కచేరీ చేసొచ్చాడు. అంతే, విల్సన్ వేరే బ్యాండుకి వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్లు మాటల్లేవు. ఈ పర్యటనకి పిలిస్తే విల్సన్ కాదనకుండా వచ్చాడు గానీ, పదకొండు ఊళ్లలోనూ పాట గురించి తప్ప నోరు విప్పలేదు. ఆఖరి కచేరీ కాగానే చెప్పాపెట్టకుండా కాజీపేట రైలెక్కేశాడు. వాడి కోపం పుడకలతో గాని పోదని మాస్టర్ అందరితోనూ అన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, ఆ మాట ఆయన్నే ఎక్కువ బాధపెట్టింది.

పర్యటనంతా వెంట తిరిగిన రికార్డిస్టు ఖాదర్ ఒక్కొక్క మైకుని విడివిడిగా వినిపిస్తున్నాడు. మొదటి ఊరి మూడో పాట ముగిసింది. చప్పట్ల హోరు దూరంగా ఉండగా, ఒక మైకులోంచి తగ్గు గొంతుతో మాట వచ్చింది.

“మస్తు కొట్టినవ్, ఎలీషా.”

మాస్టర్ చెయ్యెత్తి ఆపమన్నాడు. “ఇదేం మైకు?”

“విల్సన్ సాబ్ ముందల పెట్టిన చిన్న మైకు సార్. జనానికి వినబడదు. మీలో మీరు మాట్లాడుకునేటందుకు, వాయించేటోళ్ల చెవులకే పోతది.” ఖాదర్ కాస్త తటపటాయించాడు. “మీ చెవికి రాకుండ బంద్ చెయ్యమని మొదటి దినమే మీరే చెప్పిన్రు.”

చెప్పిన మాట నిజమే. వేదిక మీద అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. ఎవరు ఏది అడిగితే వారికి అది పంపిస్తారు. లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే క్లిక్కూ, బాస్ గిటారూ ఉంటే నాకు చాలు, మాటల మైకులు ఒక్కటి కూడా వద్దు, ధ్యాస చెడుతుంది అన్నాడు మాస్టర్. అలా పదకొండు ఊళ్లూ విల్సన్ వేళ్లు విన్నాడు, గొంతు వినలేదు. విల్సన్ జనం వైపు తిరిగే మాట్లాడేవాడు కాబట్టి పెదాలు కదలడమూ కనబడలేదు.

రెండో ఊళ్లో అదే మెచ్చుకోలు. మూడో ఊళ్లో, “బెంగుళూరు సంగతి నేనెప్పుడో మర్చిన. నువ్వు మర్చినవా?” ఐదో ఊళ్లో, “ఎలీషా, వినబడుతుందా?” అని రెండుసార్లు. ఏడో ఊరు దాటాక మాటలు లేవు. పదకొండో ఊళ్లో, చివరి పాటకి ముందు, ఆ మైకు దగ్గరికి ఎవరో వచ్చిన అలికిడి అయింది. ఊపిరి తీసుకున్నాడు, ఆగాడు, మళ్లీ తీసుకున్నాడు. అంతలో టకటకమని డ్రమ్ము కర్రలు మోగాయి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. పాటని ఎత్తుకునేది డ్రమ్మరే కదా. ఆ నాలుగు దెబ్బలతో పాట మొదలైపోయింది.

ఖాదర్ ఆపేశాడు. ఫణికి మాస్టర్ మొహం చూసే ధైర్యం లేకపోయింది. యాభయ్యేళ్లు వేలమంది ఎదుట కూర్చున్న మనిషి, ఇద్దరి మధ్య ఇంత ఒంటరిగా కూర్చోవడం అతనెప్పుడూ చూడలేదు. ఏడుపొచ్చింది. దానితోపాటే ఇంకొకటి గుర్తొచ్చింది. తన బ్యాండు పాటగాడి నస భరించలేక, ఐదేళ్ల కింద తన చెవిలోని మైకులన్నీ తనే మూయించుకున్నాడు. ఆ తర్వాత వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, తనతో ఏమన్నారో, ఫణికి తెలియదు.

మాస్టర్ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. చాలాసేపు మోగాక అవతల ఎత్తారు. ఇంట్లో ఎక్కడో కుక్కర్ కూత పెడుతోంది.

“విల్సన్, ఎలీషాను. నువ్వు స్టేజి మీద అన్న మాటలు ఇయ్యాల విన్న. అప్పుడు వినలేదురా. నా చెవి నేనే మూసుకున్న.”

కుక్కర్ ఇంకోసారి కూసి ఆగింది. మాట లేదు. ఖాదర్ నేల చూపులు చూస్తున్నాడు. నిమిషం గడిచేసరికి ఫణి ఆగలేకపోయాడు. వంగి గుసగుసగా, “ఇంకోసారి పిలవండి సార్” అన్నాడు.

మాస్టర్ ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“తొందరపడకు. ఈపారి ఎత్తుకునేది వాడు.”