అరగంట కదలకపోతే పోయినట్టే

రండమ్మా రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. బాబాయి గారూ, ఆ స్తంభానికి చేరగిలబడకండి, నిద్ర పడుతుంది. నిద్రపోయినవాళ్ళకి ఏమవుతుందో వింటే మీరే లేచి కూర్చుంటారు. స్వామిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నారా? అయితే వినండి.

పనసలంకలో బంగారయ్య అని ఒకాయన. భార్య మంగాయమ్మ, తమ్ముడు తాతబ్బాయి. ముగ్గురికీ తమ తెలివి మీద మహా గురి.

"దేవుడు ఊళ్ళో అందరికీ తలో చెంచాడు బుర్ర వడ్డించి, మిగిలింది గిన్నెతో సహా మనింట్లో వదిలేశాడే!" అనేవాడు బంగారయ్య.

"గిన్నె ఎక్కడ పెట్టాడండీ?" అని మంగాయమ్మ వంటిల్లంతా వెతికేది.

ఆ ఊరి వేణుగోపాలస్వామి గుడిలో భాగవత సప్తాహం వచ్చింది. గుడికి రాలేనివాళ్ళు ఫోన్లోనే పారాయణం చేసుకుంటారని ఒక యాప్ పెట్టారు. ఎవరు చదువుతున్నారో గుడి ఆఫీసులో పెద్ద తెర మీద కనబడుతుంది. పేరు, పేరు పక్కన పచ్చటి దీపం. ఆ తెర చూసే పని బంగారయ్యకి పడింది.

"సరిగ్గా చూసుకో బంగారయ్యా, ఆఖరిరోజు ఊరేగింపులో స్వామికి గొడుగు నువ్వే పడుదువుగాని" అన్నారు ధర్మకర్త వెంకటపతిరాజు గారు. అంతే, బంగారయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గొడుగు కర్ర ఒక్కసారి పట్టుకోవాలని వాళ్ళ నాన్న ఆశపడ్డాడు, తాత ఆశపడ్డాడు. ఇద్దరికీ తీరలేదు పాపం.

యాప్ తయారుచేసిన ప్రవల్లిక పట్నం నుంచి వచ్చి పని నేర్పింది.

"బాబాయి గారూ, ఎవరైనా అరగంట కదలకపోతే పోయినట్టే లెక్క. వాళ్ళ సెషన్ అయిపోయినట్టు. దీపం ఆరిపోతుంది. తర్వాత మళ్ళీ కదిలారనుకోండి, కొత్త మనిషి కింద లెక్క."

"పోయినట్టే?"

"పోయినట్టేనండి."

"అయ్యో, నారాయణ!" అన్నాడు బంగారయ్య.

ఇంకేముంది, ఆ అమ్మాయి బస్సెక్కిందో లేదో, కాంతమ్మ గారని ఎవరో, ఆవిడ దీపం ఆరింది. ముగ్గురూ నూతి దగ్గరికి పరుగెత్తి తలస్నానం చేసొచ్చారు. వచ్చేసరికి ఆవిడ దీపం మళ్ళీ వెలిగింది. "పుట్టిందిరోయ్!" అని అందరికీ పంచదార పంచారు. ఇంకో దీపం ఆరింది. మళ్ళీ నుయ్యి. సాయంత్రానికి తడిబట్టలతో గజగజ వణుకుతూ, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో పంచదార పెడుతూ ఉన్నారు.

మర్నాడు రాజు గారి దీపమే ఆరింది!

ఆయన పప్పన్నం తిని, వీధరుగు మీద పడక్కుర్చీలో, గుండెల మీద ఫోన్ పెట్టుకుని కునుకు తీస్తున్నారు. బంగారయ్య దండ తెచ్చి మెళ్ళో వేశాడు. తాతబ్బాయి డప్పులవాళ్ళని తెచ్చాడు. మంగాయమ్మ శోకాలు మొదలెట్టింది. ఊరంతా పోగైంది.

లోపల్నించి రాజు గారి భార్య సుభద్రాయమ్మ గారు పిండిచేతులతోనే వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. వంగి, ఆయన చెవి దగ్గర మెల్లిగా అడిగింది. "ఏవండీ, ఉన్నారా?"

"ఊఁ" అన్నారు రాజు గారు.

"ఉన్నారు కదయ్యా!" అందావిడ.

"ఆయన కాదమ్మగారూ! కదిలారు కదా, ఈయన కొత్త మనిషి. ఒరేయ్ తాతబ్బాయ్, డప్పులాపి సన్నాయి పెట్టించు! ఉయ్యాల తే!"

"ఎంత పుష్టిగా పుట్టాడమ్మా, మీసాలతో సహా!" అని మెటికలు విరిచింది మంగాయమ్మ.

"ఎవర్రా మీరంతా?" అని రాజు గారు గర్జించారు.

"గట్టిగా ఏడుస్తున్నాడన్నయ్యా, గండం లేదు" అన్నాడు తాతబ్బాయి. అని నలుగురి సాయంతో ఆయన్ని చీర ఉయ్యాల్లోకి ఎత్తాడు. ముడి ఊడింది. అంతే, రాజు గారి నడుం పట్టేసింది.

"స్వామి ఎదుట మాటిచ్చాను గనక గొడుగు నీదే" అన్నారాయన మూలుగుతూ. "ఇంకొక్క దీపం విషయంలో పొరపాటు చేశావో, ఊరుకోను!"

సంగతి విన్న ప్రవల్లిక తల పట్టుకుంది. మళ్ళీ వచ్చి, బంగారయ్య పేరుతో కూడా యాప్ తెరిచిపెట్టింది. "మీరూ చదువుతూ ఉండండి బాబాయి గారూ, మీకే అర్థమవుతుంది."

ఆఖరిరోజు. బయట పల్లకీ ముస్తాబవుతోంది. "ఇవాళ పొరపాటు జరిగితే రాజు గారు ఊరుకోరు. రెప్ప కూడా వెయ్యను" అని బంగారయ్య తెర ముందు బిగుసుకుని కూర్చున్నాడు. కదల్లేదు. ఫోన్ ముట్టుకోలేదు. ఇంకేముంది, తెర మీద ఒక దీపం ఆరింది. పేరు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఒరేయ్ తాతబ్బాయ్, నేను పోయాన్రా!"

"ఎప్పుడన్నయ్యా?"

"ఇప్పుడే. నా కళ్ళతో నేనే చూశాను."

"నొప్పేమైనా తెలిసిందా?"

"అబ్బే, హాయిగా పోయాను."

"అదృష్టవంతుడివన్నయ్యా!" అని తాతబ్బాయి భోరుమన్నాడు.

బయట సన్నాయి అందుకుంది. రాజు గారు నడుం పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "బంగారయ్యా, స్వామి బయల్దేరుతున్నారు! రా, గొడుగు పట్టు!"

బంగారయ్య చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. గొడుగు కర్ర జానెడు దూరంలో ఉంది. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"పోయినవాణ్ణి, మైలవాణ్ణి. స్వామి గొడుగు ముట్టుకుంటే మహాపాపం రాజు గారూ. మా నాన్నకీ తాతకీ నేనే వెళ్ళి చెప్పుకుంటాను లెండి!"

గొడుగు సుభద్రాయమ్మ గారే పట్టింది. పల్లకీ సాగిపోయింది. అప్పటికి మంగాయమ్మ పరుగెత్తుకొచ్చింది. శోకం మొదలెట్టబోయి, సుభద్రాయమ్మ గారు చేసిన పని గుర్తొచ్చి ఆగింది. కళ్ళు తుడుచుకుంది. మొగుడి చెవి దగ్గర వంగింది.

"ఏవండీ, ఉన్నారా?"

"లేనే!" అన్నాడు బంగారయ్య.

"అయ్యో, ఆయనే చెబుతున్నారు, ఇంకేముందమ్మా!" అని మంగాయమ్మ గొల్లుమంది.

అమ్మలూ, అయ్యలూ, మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు. పిండిచేతులతో సుభద్రాయమ్మ గారు వంగి అడిగిందే, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లోనూ ఏదో మూల కదలకుండా, మెదలకుండా కూర్చున్నవాళ్ళు ఉంటారు. ఇంటికెళ్ళగానే వాళ్ళ దగ్గర వంగి, మెల్లిగా మీరూ అడగండి.

ఏవండీ బాబాయి గారూ... స్తంభం దగ్గర... ఉన్నారా?