బోడిగుట్ట మలుపులో గడ్డిమోపులు

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ బళ్ల పందేలంటే పడి చచ్చేవి. మాటవరసకు అనడం లేదు. కొన్ని నిజంగానే పడ్డాయి. ఒకటి నిజంగానే చచ్చింది.

ఆ అడవిలో బోడిగుట్ట అని ఒక గుట్ట ఉండేది. ఏటా ఎండాకాలంలో గుట్ట కొస నుంచి కిందికి చెక్కబళ్లు తోలేవి. బండికి నాలుగు చక్రాలు, తిప్పుకోవడానికి ఒక పగ్గం. అంతే. గుట్ట సగంలో పెద్ద మలుపు ఉంది. మలుపు అంచున ఏనుగంత నల్లబండ ఉంది. ఇంకా దిగువకు పోతే చిన్న మలుపు ఇంకొకటి ఉంది.

అన్నిటిలోకీ బాగా తోలేది మంగులు అనే ముంగిస. చెవుల్లో గాలి హోరుమంటుంటే దానికి ఆకలి కూడా గుర్తుండేది కాదు.

ఒక ఏడు నక్క వెళ్లి ఆ బండకు గుద్దుకుంది. ముందుపళ్లు రాలిపోయాయి. పందెం పెద్ద అడవిదున్న గంభీరయ్య వచ్చి చూసి, "పందెమన్నాక దెబ్బలు మామూలే," అంది.

మరుసటి ఏడు కొండముచ్చు గుద్దుకుంది. చెయ్యి విరిగింది. "ఇంకో చెయ్యి ఉందిగా," అంది గంభీరయ్య.

ఆ పై ఏడు పునుగుపిల్లి పున్నమ్మ గుద్దుకుంది. మంగులుకు బండి తోలడం నేర్పింది ఈ పున్నమ్మే. అది మళ్లీ లేవలేదు.

గంభీరయ్య చాలా బాధపడింది. నల్లబండకు పూలదండ వేయించింది. వీరశిల అని పేరు పెట్టింది. పిల్లల్ని తీసుకొచ్చి మొక్కించింది. బండ మాత్రం ఉన్నచోటే ఉంది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. బళ్లన్నీ గుట్ట మీద వరసగా నిలబడ్డాయి. అప్పుడు మంగులు తన బండిని పందెం మొదలయ్యే గీత మీద అడ్డంగా పెట్టి, కిందికి దిగింది.

"ఏం మంగులక్కా, భయమా?" అంది పక్కబండిలోని కుందేలు చెంగయ్య.

"భయమే," అంది మంగులు.

వెక్కిరిద్దామనుకున్న చెంగయ్య తన పగ్గం సర్దుకోవడం మొదలుపెట్టింది.

గంభీరయ్య రొప్పుతూ వచ్చింది. "ఏమిటమ్మా ఈ అడ్డం?"

"మామా, ఆ బండ చుట్టూ గడ్డిమోపులు వేయించు. అప్పుడు తోలతాం."

"గడ్డి తినడానికమ్మా, గుద్దుకోవడానికి కాదు."

"గడ్డి ఉండుంటే పున్నక్క బతికుండేది."

"పున్నమ్మ వీరనారి! ప్రమాదం లేకపోతే అది పందెమెలా అవుతుంది?"

"ప్రమాదం వద్దనడం లేదు మామా. గుట్ట నిటారుగా ఉంది, ఉండనీ. మలుపు వంకరగా ఉంది, ఉండనీ. నేను దూకుడుగా పోయి బోల్తాపడితే తప్పు నాది, దెబ్బా నాదే. కానీ బండ దగ్గర గడ్డి వేయకపోవడం ఎవరి తప్పు? తప్పు నీది, ప్రాణాలు మావి."

చూడటానికి వచ్చిన జంతువులు గోల చేశాయి. "పిరికిపందా! ఇంటికి పో!" అని అరిచాయి.

మంగులుకు చెవులు కాలిపోయాయి. ఒక్క గంతులో బండెక్కి, వీళ్లందరికీ తానేమిటో చూపించాలనిపించింది. పగ్గం మీద చెయ్యి కూడా వేసింది. ఆ పగ్గం పట్టడం నేర్పిన పున్నమ్మ గుర్తొచ్చింది. చెయ్యి తీసేసి గీత మీద కూర్చుంది.

కాసేపటికి కొండముచ్చు బండి దిగి, వంకరచేత్తో దుమ్ము దులుపుకుని, పక్కన కూర్చుంది. బోసినోటి నక్క కూడా కూర్చుంది. చివరికి చెంగయ్య దిగింది.

"నాకు భయమేం లేదు. కాళ్లు నొప్పులు, అంతే," అని అదీ కూర్చుంది.

తోలేవాళ్లు లేకుండా పందెం ఎలా జరుగుతుంది? గంభీరయ్య తన దొడ్లోంచి మోపులు తెప్పించింది. ఒక్కో మోపునూ కన్నకూతుర్ని అత్తారింటికి పంపినట్టు సాగనంపింది.

పందెం మొదలైంది. మంగులు ఎప్పటిలాగే అందరికంటే ముందుంది. మలుపు దగ్గర కాస్త నెమ్మదించాలని దానికి తెలుసు. ఆ రోజు నెమ్మదించలేదు. పిరికిపంద అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది మరి. పగ్గం లాగింది. బండి తిరగలేదు. సూటిగా వెళ్లి గడ్డిలో దూరిపోయింది.

చూస్తున్న జంతువులన్నీ లేచి నిలబడ్డాయి.

గెలిచిన చెంగయ్య కింద ఆగనైనా ఆగకుండా పరుగున గుట్టెక్కి వచ్చింది. "అక్కా! ఉన్నావా?"

గడ్డి కదిలింది. మంగులు తల బయటికొచ్చింది. "ఉన్నా. గెలిచావా?"

"గెలిచా."

"మలుపులో నేనే తొందరపడ్డా. తప్పు నాదే," అంది మంగులు. లేచి నిలబడి చూసుకుంది. ఒక కాలు బెణికింది. మిగతావన్నీ ఉన్నాయి.

గంభీరయ్య వచ్చింది. చెదిరిన మోపుల్ని చూసింది, మంగులును చూసింది.

"మళ్లీ తోలతావా?" అని అడిగింది.

"కాలు మానాక."

గంభీరయ్య తలూపింది. తర్వాత మోపులు మోసుకొచ్చి కిందనున్న అడవిపందుల్ని కేకేసింది. "ఒరేయ్, దిగువ మలుపులో ఏమేం రాళ్లున్నాయో వెళ్లి చూసి రండిరా!"

నీతి: తెలిసి తెగించడం ధైర్యమే. తప్పించగల ప్రమాదాన్ని తప్పించకుండా వదిలేసి, దానికి ధైర్యమని పేరు పెట్టడం మాత్రం నిర్లక్ష్యం.