బీరవ్వ ఉన్ని అంగీ

పూర్వం ఒక రాజుగారి ఫిరంగుల కార్ఖానాలో కరిగిన కంచు చింది పనివాళ్ల ఒళ్లు కాలుతుండేవి. గొంగళ్లు నేసే బీరవ్వ వాళ్లకోసం దళసరి ఉన్ని అంగీ ఒకటి నేసి, కార్ఖానా చూడవచ్చిన రాజుగారికి చూపింది.

గిడ్డంగి అధికారి దేవరాజయ్య ముక్కు మూసుకున్నాడు. "ఈ గొర్రెకంపు ఎందుకు ప్రభూ? నేనిచ్చే నూలు అంగీలు చాలవా?"

బీరవ్వ ఆ ఉన్ని అంగీ తొడుక్కుని, కొలిమిలోంచి నిప్పుకణిక తీయించి అంగీ చేతిమీద పెట్టించుకుంది. ఉన్ని కాస్త కమిలిందే తప్ప అంటుకోలేదు.

"ఇప్పుడు ఈ నిప్పుకణికను తమరు తొడుక్కున్న నూలు అంగీ మీదికి తీసుకోండి దొరా."

దేవరాజయ్య చటుక్కున చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ప్రభూ, దొరగారి నోరు నూలు చాలంది. చేతులు చాలదంటున్నాయి. ఏ మాట నమ్ముతారో తమ చిత్తం," అంది బీరవ్వ.

రాజుగారు పకపకా నవ్వి చేతుల మాటే నమ్మారు. నెల తిరక్కుండా పనివాళ్లందరికీ ఉన్ని అంగీలు వచ్చాయి. కొలిమి పక్కన నిలబడి వాటిని పంచే పని దేవరాజయ్యకే పడింది.